బ్యాటరీని ఎక్కడ పెట్టి ఛార్జి చెయ్యాలి?



పల్లెటూరి వాళ్లకు నిప్పును గురించి కొత్తగా చెప్పవలసినది ఏమీ ఉండదని చాలామంది అనుకొంటారు. అది కొంతవరకు నిజమే. పొయ్యి ఆర్పి పడుకోవాలనీ, గడ్డివామి దగ్గర చుట్ట కాల్చరాదనీ, వేసవిలో గాలి రేగినప్పుడు ఆరుబయట పొయ్యి రాజేయరాదనీ మన పెద్దలకు బాగా తెలుసు. కాని అదంతా కంటికి కనపడే నిప్పు. పొగ వస్తుంది, సెగ తగులుతుంది, వాసన వేస్తుంది. ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది గనుక జాగ్రత్త పడతాం. ఇప్పుడు మన ఇళ్లలోకి కంటికి కనపడని నిప్పు ఒకటి వచ్చి, గోడవారగా కూర్చొని ఉన్నది. అదే లిథియం అయాన్ బ్యాటరీ.

మీ ఇంట్లో ఇవి ఎన్ని ఉన్నవో ఒక్కసారి లెక్క వేసి చూడండి. సెల్ ఫోనులో ఒకటి. పవర్ బ్యాంకులో ఒకటి. రాత్రిపూట చేనికి పోయేటప్పుడు పట్టుకొనే టార్చిలైటులో ఒకటి. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయరు కొత్తదైతే అందులో ఒకటి. పిల్లవాడు కాలేజీకి వేసుకొనిపోయే బ్యాటరీ బండి ఉంటే అందులో పెద్దది ఒకటి. ఊళ్లో మహిళా సంఘం వారికి డ్రోను వచ్చి ఉంటే దానికి రెండు మూడు జతలు. పదేళ్ల క్రిందట సెల్ ఫోను తప్ప తక్కినవేవీ మన ఊళ్లలో అంతగా లేవు.

వీటిని వాడవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. చేతి పంపుతో రోజంతా మందు కొట్టినవాడికి బ్యాటరీ స్ప్రేయరు విలువ ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. భుజం నొప్పి తగ్గింది, పెట్రోలు ఖర్చు తగ్గింది, చెవులు దిబ్బడలు పడే మోత పోయింది. ఈ జాతి బ్యాటరీని 1991లో జపాను దేశపు సోనీ కంపెనీ మొదటిసారిగా బజారులో పెట్టింది. దీని వెనుక పనిచేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు, అనగా గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనే వారికి, 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చారు. మంచి సరుకే. కాకపోతే మంచి ఎద్దును కూడా ఎక్కడ కట్టివేయాలో తెలిసి కట్టివేస్తాం గదా! ఈ బ్యాటరీని ఎక్కడ పెట్టి ఛార్జి చేయవలెను, ఎప్పుడు చేయవలెను, దేనితో చేయవలెను అన్నదే ఇక్కడ చెప్పదలచిన ముఖ్య విషయం.

ఎందుకు ఇంతగా చెప్పవలసి వచ్చిందంటే, 2022వ సంవత్సరంలో మన చుట్టుపట్లనే జరిగిన సంగతులు కొన్ని ఉన్నవి. ఆ ఏడు మార్చి నెలలో తమిళనాడులోని వేలూరులో రాత్రి ఛార్జింగు పెట్టిన బండి అంటుకొని, ఆ పొగకు ఊపిరాడక తండ్రీ కూతురూ చనిపోయారు. ఏప్రిల్ నెలలో నిజామాబాదులో ఇంట్లో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ రాత్రివేళ పేలి, ఆ గదిలో నిద్రపోతున్న 80 ఏళ్ల వృద్ధుడు మరణించాడు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో ఛార్జింగు పెట్టిన బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఇంటి యజమాని చనిపోయాడు, భార్యాబిడ్డలకు గాయాలైనవి. సెప్టెంబరు 12వ తేదీన సికింద్రాబాదులో బ్యాటరీ స్కూటర్ల దుకాణం ఉన్న భవనంలో కింది భాగాన మంటలు లేస్తే, పొగ మెట్ల దారిన పైకెక్కి, పైనున్న లాడ్జిలో బస చేసిన వారిలో 8 మంది ప్రాణాలు పోయినవి.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి మూడింటిలోనూ బ్యాటరీ ఛార్జింగులో ఉన్నది. మూడింటిలోనూ ఇంట్లోవాళ్లు నిద్రలో ఉన్నారు. వేలూరులోనూ సికింద్రాబాదులోనూ పొగ మనుషులు తప్పించుకొనే దారిని మూసివేసింది. బ్యాటరీ చెడిపోవడం ఒక సంగతి. అది చెడిపోయిన చోట మనుషులు పడుకొని ఉండటం వేరొక సంగతి. మొదటిది పూర్తిగా మన చేతిలో లేదు. రెండవది మాత్రం మన చేతిలోనే ఉన్నది.

ఇంతకూ ఆ బ్యాటరీ లోపల ఏం జరుగుతుంది? తడి ఆరని గడ్డిని వామి వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. పైకి చల్లగానే ఉంటుంది. లోపల చెయ్యి పెడితే కాలుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేక, వేడి మీద వేడి పెరిగి, ఒక్కొక్కప్పుడు వామి తనంతట తానే అంటుకొంటుంది. ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు. అయినా కాలింది. బ్యాటరీ వ్యవహారమూ ఇటువంటిదే. అయితే గడ్డివామికి రోజులు, వారాలు పడుతుంది. దీనికి కొన్ని సెకండ్లు చాలు.

స్కూటరు బ్యాటరీ పెట్టెను విప్పితే లోపల ఒకే వస్తువు ఉండదు. చిన్న చిన్న సెల్లులు వరుసగా పేర్చి ఉంటవి. బాగా వాడుకలో ఉన్న రకం సెల్లు 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, అంటే మన బొటనవ్రేలికన్న కొంచెం పెద్దది. అటువంటివి వందల కొలదిగా కూడా ఉండవచ్చు. ఒక్కొక్క సెల్లులో రెండు రేకులు, వాటి మధ్య కాగితంకన్న పలుచని ప్లాస్టిక్ పొర ఉంటవి. ఇవన్నీ చాపలాగా చుట్టి, మండే గుణం గల ఒక ద్రావకంలో నాని ఉంటవి. ఆ పలుచని పొర ఉన్నంతసేపూ భయం లేదు. బండి కిందపడి సెల్లు నొక్కుకుపోయినా, లోపల నీళ్లు చేరినా, పట్టవలసినదానికి మించి కరెంటు ఎక్కించినా ఆ పొరకు చేటు వస్తుంది. లోపల వేడి 80, 100 డిగ్రీలు దాటితే రసాయనాలు తమంతట తామే వేడిని పుట్టించడం మొదలుపెడతవి. 130 డిగ్రీల ప్రాంతంలో ఆ పొర కరగడం మొదలవుతుంది. అప్పుడు రెండు రేకులూ ఒకదానికొకటి తగిలి, చూస్తుండగానే వేడి కొన్ని వందల డిగ్రీలకు పెరుగుతుంది. ఒక సెల్లు వేడి పక్క సెల్లుకు, దానిది ఆ పక్కదానికి. టపాకాయల దండ పేలినట్లు పేలుకుంటూ పోతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను. స్కూటరు బ్యాటరీలో సుమారు 3 యూనిట్ల కరెంటు పడుతుంది అనుకొందాం. ఒక లీటరు కిరసనాయిలు మండితే దరిదాపు 10 యూనిట్లకు సరిపడిన వేడి వస్తుంది. ఆ లెక్కన బ్యాటరీలో నింపిన కరెంటు లీటరులో మూడోవంతు కిరసనాయిలుకు సమానం. పైగా లోని ద్రావకమూ ప్లాస్టిక్కూ మండితే వచ్చే వేడి వేరే. ఇంతేనా అనిపించవచ్చు. కాని కిరసనాయిలు డబ్బాను ఎవరూ గీయకపోతే అది అంటుకోదు. దీనికి గీసేవాడు అక్కరలేదు.

ఇక స్ప్రేయరు సంగతికి వద్దాం. రైతుకు నిత్యం చేతిలో ఉండే వస్తువు అదే గనుక కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. బ్యాటరీ స్ప్రేయర్లు రెండు రకాలు. ఒకటి సీసం బ్యాటరీతో పనిచేసేది. బరువుగా ఉంటుంది. చాలా ఊళ్లలో నేటికీ ఇదే ఎక్కువ. రెండవది లిథియం బ్యాటరీతో పనిచేసేది, తేలిక. పైకి చూస్తే రెండు డబ్బాలూ ఒకే తీరుగా ఉంటవి. రెండింటి మీదా 12 వోల్టులు అనే రాసి ఉండవచ్చు. ఛార్జరు పిన్నులు కూడా ఒకదానిది ఒకదానిలో పట్టవచ్చు. ముప్పంతా ఇక్కడే ఉన్నది.

సీసం బ్యాటరీ ఛార్జరు సుమారు 14.4 వోల్టుల దాకా ఎక్కిస్తుంది. ఆ బ్యాటరీకి అది సరిపోతుంది. లిథియం స్ప్రేయర్లలో కొన్నిటిలో మూడు సెల్లులు వరుసగా కలిపి ఉంటవి. ఆ రకం సెల్లు ఒక్కొక్కటి 4.2 వోల్టులకు మించి ఓర్చుకోలేదు. మూడింటికీ కలిపి 12.6 వోల్టులు. దీనికి ఆ 14.4 వోల్టుల ఛార్జరు తగిలిస్తే ఒక్కొక్క సెల్లు మీద 4.8 వోల్టులు పడుతుంది. నాలుగు శేర్లు పట్టే కుండలో ఐదు శేర్లు కూరినట్లు! లోపల ఒక కాపలా బోర్డు ఉంటుంది, దానిని మెకానిక్కులు బీఎంఎస్ అంటారు. మంచి బ్యాటరీలో అది అడ్డుపడి కరెంటు ఆపివేస్తుంది. చవక బ్యాటరీలో ఆ బోర్డు ఉండకపోవచ్చు, ఉన్నా కాలిపోయి ఉండవచ్చు. కాబట్టి పక్కింటి అన్నగారి ఛార్జరు అడిగి తెచ్చి పెట్టడం, పాత పంపు ఛార్జరు ఉన్నది గదా అని కొత్త పంపుకు వాడటం ఎంతమాత్రం పనికిరాదు. స్ప్రేయరు కొన్న రోజుననే ఛార్జరు మీదా, పంపు మీదా ఒకే రంగు దారం కట్టండి. ఇంట్లో ఆడవారు గాని, పాలేరు గాని ఛార్జింగు పెట్టినా పొరపాటు జరగదు.

సీసం బ్యాటరీకి అసలు ప్రమాదమే లేదని దీని అర్థం కాదు సుమా. అది ఛార్జి అయ్యేటప్పుడు మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు పుట్టవచ్చు. దాన్ని కూడా గాలి తగిలే చోటనే పెట్టాలి. కాని దాని స్వభావం వేరు, దీని స్వభావం వేరు.

స్ప్రేయరును మనం ఎక్కడ పెడతాం? మందు డబ్బాలు ఉన్న గదిలోనే పెడతాం. పురుగు మందులలో ఇ.సి. అని రాసి ఉండే రకాలలో మండే ద్రావకాలు కలిసి ఉంటవి. గంధకం పొడి మండుతుందని వేరే చెప్పనక్కరలేదు. పత్తి మీద పిచికారీ చేసే 13-0-45 ఎరువు తాను మండదు గాని, పక్కనున్నదాన్ని మరింత జోరుగా మండిస్తుంది. ఇవన్నీ ఉన్న మూల గదిలో బ్యాటరీ ఛార్జింగు పెట్టడమంటే ఎంత ప్రమాదమో మీరే ఊహించుకోండి. మంట ఒక ఎత్తు, ఆ మందుల పొగ మరొక ఎత్తు.

అంతకన్న ముఖ్యమైనది పత్తి. ఆదిలాబాదు, వరంగల్లు, గుంటూరు, కర్నూలు వైపు రైతులు ధర కోసం ఎదురుచూస్తూ పత్తిని ఇంట్లోనే పోసుకొంటారు. ముందు గదిలో నడుము ఎత్తున పత్తి, దాని పక్కన గోడకు స్విచ్చిబోర్డు, ఆ బోర్డుకు వేలాడుతూ సెల్ ఫోనో, స్ప్రేయరో, బండి బ్యాటరీయో. ఏడాది కష్టం ఆ గదిలో ఉంటుంది. పిల్లలు కూడా ఆ పత్తి మీదనే ఆడుకొంటారు, ఒక్కొక్కప్పుడు దాని మీదనే నిద్రపోతారు. పత్తి ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ గది స్విచ్చిబోర్డుకు ఏ బ్యాటరీనీ, చివరకు ఫోనును కూడా, తగిలించకండి. ఈ ఒక్క మాట పాటించినా చాలు, మిగతావి తరువాత చూసుకోవచ్చు అని నా అభిప్రాయం.

"మరి మాకున్నవి రెండే గదులు. ఎక్కడ పెట్టమంటారు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వసారా ఉంటే వసారాలో, వాకిటి గడపకు ఎడంగా పెట్టండి. గడపకు ఎడంగా అని ఎందుకంటున్నానంటే, మంట లేస్తే మీరు బయటపడవలసినది ఆ గడప దాటే. ఇంటికి ఒకటే వాకిలి ఉండి, ఆ వాకిట్లోనే బండి ఛార్జింగు పెడితే, ఉన్న ఒక్క దారినీ మనమే మూసుకొన్నట్లు. అరుగు మీద సిమెంటు గచ్చుగాని, షాబాదు బండగాని ఉంటే చాలా మంచిది. బ్యాటరీ కింద గోనెపట్టా, పాత బొంత, అట్టపెట్టె, చెక్కబల్ల వేయకూడదు. చుట్టూ ఒక బార దూరంలో మండేది ఏదీ లేకుండా చూడండి. పైన తాటాకు చూరు ఉంటే ఆ చోటు విడిచిపెట్టండి. వాన జల్లు కొట్టే చోటూ పనికిరాదు. పశువుల కొట్టంలో పెట్టవచ్చునా అంటే, పెట్టకూడదు. పలుపు కట్టి ఉన్న పశువు తప్పించుకోలేదు, పైగా అక్కడ గడ్డి ఉంటుంది. స్థలం లేనివారు వాకిట్లో నాలుగు ఇటుకలు పేర్చి, పైన రేకు ముక్క ఒకటి వేసి, గాలి ఆడేటట్లు చిన్న గూడు కట్టుకోవచ్చు. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. అక్కడికి కరెంటు మాత్రం ఎలక్ట్రీషియను చేత మంచి వైరుతో వేయించాలి. అతుకులు వేసిన తీగలూ, నాలుగు ప్లగ్గులు గుచ్చిన జంక్షన్ బాక్సూ బ్యాటరీ లేకుండానే ఇల్లు కాల్చగలవు.

ఎక్కడ అన్నది అయింది. ఎప్పుడు అన్నది కూడా చూద్దాం. చాలా బ్యాటరీలకు తయారుచేసినవారు పెట్టిన హద్దు 45 డిగ్రీలు. అంతకు మించిన వేడిలో ఛార్జి చేయకూడదు. వేసవిలో రెంటచింతలలోనూ, రామగుండంలోనూ నీడనే 45 డిగ్రీలకు ఎక్కే రోజులు ఉంటవి. ఇక రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం ఎంత ఉంటుందో వేరే చెప్పాలా? పైగా మిట్టమధ్యాహ్నం ఎండలో పది మైళ్లు నడిపివచ్చిన బండి బ్యాటరీ అప్పటికే వేడిగా ఉంటుంది. రాగానే ప్లగ్గు పెట్టకుండా, నీడన నిలిపి అర్ధగంటో గంటో ఆగండి. చెయ్యి వేస్తే వేడి తగలనప్పుడు పెట్టండి. రాత్రి పడుకొనేటప్పుడు పెట్టి తెల్లవారి తీసే అలవాటు మానుకోవాలి. పొద్దు గూకిన తరువాత పెట్టి, భోజనాలు చేసి, మాటలు చెప్పుకొని పడుకొనేలోపల తీసివేయవచ్చు. లేదా కోడి కూసే వేళ లేచినవారు అప్పుడు పెట్టి, చేనికి పోయేలోపల తీసివేయవచ్చు. స్ప్రేయరుకు నాలుగైదు గంటలు చాలును. నిండకపోతే నిండకపోయినంతే, సగం నిండిన బ్యాటరీకి నష్టమేమీ లేదు. సీసం బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచమని చెప్పే మాట దీనికి వర్తించదు. పంట అయిపోయి స్ప్రేయరును అటక మీద పెట్టేటప్పుడు కూడా లిథియం బ్యాటరీని సగం ఛార్జితో ఉంచితే చాలాకాలం మన్నుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది.

ఫోను విషయం ఒక్క మాట. దిండు కింద పెట్టి ఛార్జి చేయవద్దు. ఉబ్బిన ఫోనును రబ్బరు బ్యాండు వేసి వాడవద్దు. అంతే.

డ్రోను నడిపే అక్కచెల్లెళ్లకు మాత్రం కొంచెం ఎక్కువ చెప్పవలసి ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2023లో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోనులు ఇవ్వాలని తలపెట్టినది. మందు కొట్టే డ్రోను ఒక పది లీటర్ల నీటిని మోసుకొని ఎగరాలి. దానికి కొద్ది నిమిషాలలోనే బోలెడంత కరెంటు ఒక్కసారిగా కావాలి. అందుకని దాని బ్యాటరీలు తేలికగా ఉండేటట్లు, సెల్లుకు ఉక్కు తొడుగు లేకుండా మెత్తని సంచిలాంటి పొరతో చేస్తారు. మామిడిపండును జాగ్రత్త చేసినట్లు వీటిని జాగ్రత్త చేయాలి. దిగిన వెంటనే బ్యాటరీ కాలుతూ ఉంటుంది. అవతల రైతు తొందరపెడుతూ ఉంటాడు. అయినా చల్లారనిదే ఛార్జరుకు తగిలించవద్దు. పొలం గట్టున జనరేటరు పెట్టి ఛార్జి చేసేటప్పుడు పెట్రోలు డబ్బాను దూరంగా, గాలికి ఎదురువైపున ఉంచండి. డ్రోను చెట్టుకో, తీగకో తగిలి కూలితే, బ్యాటరీ పైకి బాగానే కనపడినా దానిని ఆటోలో వేసుకొని ఇంటికి పోవద్దు. ఖాళీ స్థలంలో వేరుగా ఉంచి కనిపెట్టి చూడాలి. నొక్కుపడ్డ సెల్లు కొన్ని గంటల తరువాత కూడా అంటుకొనవచ్చు. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్క ఎకరం కొట్టి ఆపేద్దామని పెట్టడం తెగింపు తప్ప మరేమీ కాదు.

వరదల సంగతి కూడా మరిచిపోరాదు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో వీధులకు వీధులే మునిగినవి, బండ్లన్నీ నీళ్లలో నిలబడినవి. మునిగిన బ్యాటరీ ఆరిన తరువాత బండి నడిచినా, లోపల చేరిన తడి, మడ్డి మెల్లగా పనిచేస్తూనే ఉంటవి. ఉప్పు నీరైతే మరింత చేటు. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇయాన్ తుఫాను వచ్చినప్పుడు సముద్రపు నీటిలో మునిగిన కరెంటు కార్లు కొన్ని తరువాతి రోజులలో అంటుకొన్నవి. కోస్తా జిల్లాలవారూ, రొయ్యల చెరువుల దగ్గర బండ్లు తిప్పేవారూ దీనిని గమనించాలి. మునిగిన బండిని ఇంటికి దూరంగా, సుమారు 15 మీటర్ల ఎడంగా నిలిపి, కంపెనీ మెకానిక్కు చూసేదాకా ఛార్జింగు పెట్టవద్దు.

బ్యాటరీ చెడిపోతున్నదని ముందుగా తెలుస్తుందా? చాలాసార్లు తెలుస్తుంది. ఉబ్బుతుంది. ఊరకనే వేడెక్కుతుంది. రంగుల డబ్బా మూత తీసినప్పుడు వచ్చేటటువంటి తీపి ఘాటు వాసన వేస్తుంది. బుస్సుమని చప్పుడు చేస్తుంది. అప్పుడు అందుబాటులో ఉంటే గోడ స్విచ్చి, లేకపోతే మెయిను కట్టివేసి, మనుషులను బయటికి పంపి, పశువుల పలుపులు విప్పండి. తెల్లటి పొగ చిమ్ముతుంటే దానిని ఆవిరి అనుకొని దగ్గరకు పోకండి. అది మండే వాయువు, మూసిన గదిలో నిండితే ఒక్కసారిగా పేలగలదు. అందులో కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ ఫ్లోరైడు వంటి విషాలు ఉంటవి. కళ్లకు, ఊపిరితిత్తులకు చాలా హాని. ఆ గది తలుపు దగ్గరకు లాగి, దూరంగా వచ్చి 101కి గాని 112కి గాని ఫోను చేసి, "బ్యాటరీ అంటుకొన్నది" అని తప్పక చెప్పండి. పొగ వస్తున్న బ్యాటరీని చేతులతో ఎత్తి బయటికి విసిరే సాహసం చేయకండి. కొత్త బండి పోతుందనీ, పత్తి పోతుందనీ లోపలికి పరుగెత్తకండి.

నీళ్లు పోయవచ్చునా? ఈ విషయమై పల్లెల్లో అనుమానాలు ఉన్నవి. లిథియం లోహం నీళ్లు తగిలితే మండుతుందని ఎవరో చెప్పగా విని భయపడతారు. కాని ఈ బ్యాటరీలో ఉన్నది ఆ లోహపు ముద్ద కాదు. దీనిని ఆర్పాలంటే చల్లార్చాలి, చల్లార్చటానికి నీటిని మించినది లేదు. మెయిను కట్టేసిన తరువాత, గాలి వాటానికి ఎగువన దూరంగా నిలబడి, పైపుతో ధారాళంగా కొట్టాలి. చెంబెడు నీళ్లు చాలవు. చాలాసేపు కొట్టాలి. ఇసుక చుట్టుపక్కల మంట పాకకుండా అడ్డుకొంటుంది గాని లోపలి వేడిని తీసివేయదు. ఎర్ర సిలిండరులోని పొడి మంటను అణచినా బ్యాటరీ మళ్లీ అంటుకొంటుంది. ఆరింది గదా అని వెంటనే లోపలికి తేవద్దు. గంటల తరువాత, ఒక్కొక్కప్పుడు ఒకటి రెండు రోజుల తరువాత కూడా తిరిగి రాజుకొన్న సందర్భాలు ఉన్నవి. ఒంటి మీద కాలితే ఇరవై నిమిషాలపాటు చల్లని నీటి ధార కింద ఉంచి, 108కి కబురు చేయండి. సిరా, టూత్‌పేస్టు, పేడ పూయవద్దు.

కొనేటప్పటి మాట చెప్పి ముగిస్తాను. 2022లో జరిగిన ప్రమాదాల తరువాత కేంద్ర ప్రభుత్వం బండ్ల బ్యాటరీల పరీక్షలను కఠినం చేసింది. ఏఐఎస్-156 అనే ఆ నిబంధనల సవరణలు 2022 డిసెంబరు 1 నుంచి ఒక దఫా, 2023 మార్చి 31 నుంచి మరొక దఫా అమలులోకి వచ్చినవి. పాత బండి చవకగా వస్తున్నదని కొనేవారు అది ఏ నెలలో తయారైనదో చూసి బేరం చేయండి. ఎల్.ఎఫ్.పి. అనే రకం బ్యాటరీ దొరికితే అది కొంచెం బరువైనా నా ఓటు దానికే. వేడికి అది మిగతావాటికన్న నిదానంగా ఉంటుంది. అయినా దానికీ ఈ జాగ్రత్తలన్నీ తప్పవు. చిన్న బ్యాటరీల మీద ఐ.ఎస్. 16046 అనే గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నవో లేవో చూడండి. బస్టాండు దగ్గర కొట్లలో పాత లాప్‌టాప్ సెల్లులు పీకి, టేపు చుట్టి సగం ధరకు అమ్మే బ్యాటరీలు ఉంటవి. అందులో బలమైన సెల్లూ, బలహీనమైన సెల్లూ ఒకే కాడికి కట్టిన ముసలి ఎద్దూ కోడెదూడా వంటివి. బలహీనమైనది ముందు చతికిలపడుతుంది. ఇక్కడ పడటమంటే వేడెక్కి అంటుకోవడమే.

విస్తరణ ఉద్యోగులు రైతు వేదికలలో స్ప్రేయర్లు చూపేటప్పుడు ఊరివాళ్లను తమ తమ ఛార్జర్లు వెంట తెమ్మని చెబితే బాగుంటుంది. పంపు పక్కన ఛార్జరు పెట్టి, రెండింటి మీది అంకెలు కలుస్తున్నవో లేదో అక్కడికక్కడే చూడవచ్చు. గంట సేపటి పని.

పాడైపోయిన బ్యాటరీని కుప్పలో వేసి కాల్చవద్దు, పొలంలో పూడ్చవద్దు, పాత ఇనుము కొనేవాడి బండి మీద వేయవద్దు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన బ్యాటరీలను వెనక్కు తీసుకొనే ఏర్పాటు చేయవలసిన బాధ్యత వాటిని తయారుచేసిన, దిగుమతి చేసుకొన్న కంపెనీలది. బ్యాటరీ కొనలకు ప్లాస్టిక్ టేపు అంటించి, ఒక పాత మట్టికుండలో గాని, మూత బిగించని రేకు డబ్బాలో గాని పొడి ఇసుక పోసి అందులో ఉంచి, ఇంటి బయట నీడన పెట్టండి. తరువాత పట్నం పోయినప్పుడు కొన్న దుకాణానికే పట్టుకుపోయి, బిల్లు చూపి ఇచ్చేయండి. బస్సులో తీసుకొనిపోయేటప్పుడు సంచిలో తాళంచెవులూ చిల్లర డబ్బులూ దానితో కలపకండి.